నా కథ చెబితే వాళ్లకు మేలు జరుగుతుందా?

పేరు రాయొద్దని కోరిన 26 ఏళ్ల పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం పంపారు. అందులోని సంగతి ఇది.

పదిహేడో ఏట మొదలుపెట్టిన డైటింగ్ ఏడాది తిరక్కుండానే చెయ్యి దాటిపోయింది. బాగా చిక్కిపోయారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తర్వాత ఆకలికి తట్టుకోలేక, రాత్రిపూట అందరూ పడుకున్నాక చేతికందిందల్లా తినడం, తిన్నది కక్కేయడం మొదలైంది. బరువు మళ్లీ మామూలుకు వచ్చేసింది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అలా నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది. రాత్రి డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు అమ్మను, అక్కను బయట కూర్చోమని తలుపు వేసి, మంచం పక్కన కూర్చుని, "తిన్నాక వాంతి చేసుకుంటున్నావా తల్లీ?" అని మెల్లగా అడిగారట. అప్పుడు బయటపడింది. ఆ జబ్బు పేరు బులీమియా అని ఆ రాత్రే తెలిసింది. రెండేళ్లు చికిత్స జరిగింది.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నారు. "బాగానే ఉన్నాను. టెన్షన్ ఎక్కువైనప్పుడు మాత్రం మధ్యాహ్నం భోజనం మానేయాలనిపిస్తుంది, ఒక్కోసారి మానేస్తాను. కక్కడం మాత్రం మళ్లీ లేదు" అని రాశారు.

చదువుకున్న కాలేజీలో ఈటింగ్ డిజార్డర్ల మీద, అంటే బులీమియా లాంటి తిండికి సంబంధించిన జబ్బుల మీద, అవగాహన కార్యక్రమం పెడుతున్నారు. ఆమె సంగతి తెలిసిన లెక్చరర్ ఒకరు వచ్చి మాట్లాడమన్నారు. బాగా సన్నబడినప్పటి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి పోస్టర్ వేస్తామన్నారు. అప్పుడు ఎంత బరువుండేది, రోజుకి ఏం తినేది, ఏం చేసేది, అన్నీ పిల్లలకు షాక్ తగిలేలా చెప్పమన్నారు. అమ్మేమో "కన్నతల్లి తిండి పెట్టలేదా అంటారు, నా పరువు తీయకు" అని ఏడుస్తున్నారు. నయమైపోయినదాన్ని మళ్లీ ఎందుకు తవ్వుకోవడం అని అక్క అంటున్నారు. "నాకు పదిహేడేళ్లప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే అన్నేళ్లు పోయేవి కావు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే మోసం చేసినట్టే కదా?" అన్నది ఆమె ప్రశ్న.

చివర్లో రెండు వాక్యాలు. "ఇంకో చిన్న విషయం. పదిహేనేళ్ల మా పిన్ని కూతురు మొన్న, 'అక్కా, అప్పుడు నువ్వు ఎన్ని రోజుల్లో అంత సన్నబడ్డావు?' అని అడిగింది, నవ్వి ఊరుకున్నాను."

సమాధానం

మీరు చిన్న విషయమంటూ చివర్లో రాసినదాన్నే నేను ముందు అందుకుంటాను. మీ ఉత్తరంలో ఆలస్యం చేయకూడనిది అదొక్కటే.

మీ చెల్లెలికి మీ కథ తెలుసు. మీరు పడిన బాధ, ఆసుపత్రి, అమ్మ ఏడుపు, అన్నీ తెలుసు. అంతా విన్నాక ఆ పిల్ల మనసులో నిలిచింది ఏమిటి? ఎన్ని రోజులు పట్టిందన్న లెక్క. ఆ అమ్మాయిని తప్పుపట్టాల్సింది లేదు. సన్నబడాలన్న ఆలోచన అప్పటికే బుర్రలో తిరుగుతుంటే, మీరు హెచ్చరికగా చెప్పింది కూడా దారి చూపినట్టే వినిపిస్తుంది. ఊరికే కుతూహలంతో అడిగిందేమో కూడా. అడిగితే గానీ తెలియదు.

ఈ వారంలోనే ఆమెతో ఒంటరిగా కూర్చోండి. ఆ లెక్క మాత్రం చెప్పకండి. "మొన్న అలా అడిగావు కదా, నీకేమైనా అనిపిస్తోందా?" అని మొదలుపెట్టి, తను చెప్పింది వినండి. కోప్పడొద్దు, భయపెట్టొద్దు. "నువ్వు సన్నగానే ఉన్నావుగా" అని సముదాయించొద్దు, మాట మళ్లీ ఒంటి మీదికే పోతుంది. బ్రిటన్ డాక్టర్లు 1999లో అయిదు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి తయారుచేశారు. కడుపు నిండి ఇబ్బందిగా ఉందని కావాలని కక్కుకుంటున్నారా? ఎంత తింటున్నామో అదుపు తప్పిందని దిగులుగా ఉందా? ఈ మూడు నెలల్లో బాగా బరువు తగ్గారా? మిగతావాళ్లు బక్కగా ఉన్నావంటున్నా మీకు లావుగా ఉన్నట్టే అనిపిస్తోందా? రోజంతా తిండి ఆలోచనలే రాజ్యమేలుతున్నాయా? వీటిలో రెండింటికి అవునని వస్తే డాక్టరుకు చూపించడం మంచిది. అవునన్నంత మాత్రాన జబ్బు ఉందని కాదు, చూపించుకోవడానికి కారణం ఉందని. ప్రశ్నపత్రంలా చదవకుండా కబుర్లలో కలిపి అడగండి. అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, బయట తినేశానని తరచూ చెప్పడం, కంచం ముందు నుంచి లేవగానే బాత్రూంకి పోవడం, ఎండలోనూ చలిగా ఉందనడం, నెలసరి ఆగిపోవడం లాంటివి ఉన్నాయేమో గమనించండి. ఇవన్నీ మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

అనుమానం బలపడితే పిన్నికి చెప్పాలా వద్దా అన్న చిక్కు వస్తుంది. చెప్తే ఆ పిల్ల మీ మీద అలుగుతుంది, కొన్నాళ్లు మీతో మనసు విప్పకపోవచ్చు. చెప్పకపోతే మీ మాట నిలుస్తుంది కానీ, మీకు జరిగినట్టే ఏళ్లు గడిచిపోయే ప్రమాదం ఉంది. ఈ జబ్బులను ఎంత తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం అంత ఎక్కువ. నేనైతే "మీ అమ్మకు చెప్తాను, నీ పక్కనే కూర్చుని చెప్తాను" అని ముందు ఆమెకే చెప్పి, తర్వాత పిన్నితో మాట్లాడటం వైపే మొగ్గుతాను.

ఇక కాలేజీ సంగతి. మీ చెల్లెలు అడిగిన ప్రశ్ననే ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో కొందరు మనసులో వేసుకుంటారు. నేను ఊహించి అంటున్న మాట కాదు. 1997లో ట్రేసీ మాన్, ఆమె తోటి పరిశోధకులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈటింగ్ డిజార్డర్ నుంచి కోలుకున్న విద్యార్థినులు కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయిలకు తమ అనుభవాలు చెప్పారు, జబ్బు గురించి వివరించారు. మీరిప్పుడు చేయబోతున్నది కూడా దాదాపు అదే. కొన్నాళ్లకు చూస్తే, ఆ మాటలు విన్నవాళ్లలో లక్షణాలు విననివాళ్లలో కంటే కాస్త ఎక్కువగా కనిపించాయి. సిగ్గు పోగొట్టబోయి, ఇది అందరూ చేసేదే అన్న భావన కలిగించి ఉంటామని వాళ్లే అనుమానపడ్డారు.

హాంకాంగ్‌లో 1994లో ఒక స్కూలు విద్యార్థిని అనొరెక్సియాతో, అంటే తిండి బాగా తగ్గించేసి ప్రమాదకరంగా బక్కచిక్కిపోయే జబ్బుతో, చిక్కిశల్యమై నడిరోడ్డు మీద కూలి చనిపోయింది. పత్రికలు ఆ జబ్బు గురించి పుంఖానుపుంఖాలుగా రాశాయి. అక్కడి సైకియాట్రిస్టు సింగ్ లీ అంతకు ముందు చూసిన రోగులు కొద్దిమంది. వాళ్లలో చాలామంది లావవుతామన్న భయం గురించి అసలు మాట్లాడేవారే కాదు, కడుపు ఉబ్బరంగా ఉందనో తినబుద్ధి కావడం లేదనో అనేవారు. తర్వాతి ఏళ్లలో రోగులు పెరిగారు, పత్రికల్లో వచ్చినట్టే లావవుతామన్న భయం చెప్పుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ కథనాలే కారణమని తేల్చలేం. అయినా నలుగురిలో జబ్బు గురించి మాట్లాడేవాళ్లు ఈ అనుభవాన్ని గుర్తుపెట్టుకోవాలి.

అలాగని నోరు విప్పడమే తప్పు అనుకోకండి. 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో ప్రిన్సెస్ డయానా తన బులీమియా గురించి దాపరికం లేకుండా మాట్లాడారు. ఆమె జబ్బు సంగతి అంతకు మూడేళ్ల ముందే లోకానికి తెలిసింది. బ్రిటన్‌లో డాక్టర్ల దగ్గర నమోదైన బులీమియా కేసులు 1990ల మధ్య వరకూ పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయి. లోపల దాచుకున్నవాళ్లు ఆమెను చూసి ధైర్యం చేసి బయటికి వచ్చి ఉంటారని పరిశోధకులు భావించారు. మాట్లాడితే మేలు ఉంది, కీడూ ఉంది. ఏది జరుగుతుందనేది మీరు ఏం చెప్తారు, ఎవరికి చెప్తారు, విన్నవాళ్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లగలరు అన్నదాని మీద ఉంటుంది.

ఫోటోకు నేను ఒప్పుకోను. మిగతా వాటిలో మీ ఇష్టమని చెప్పగలను, ఇందులో చెప్పలేను. ఆ ఫోటో మొదటి ఏడాదిది. ఆ తర్వాత నాలుగేళ్లు మీరు చూడటానికి మామూలుగానే ఉన్నారు, ప్రాణం మీదికి వచ్చింది ఆ మామూలు ఒంటితోనే. అంటే మీ జబ్బు ఎలా ఉంటుందో ఆ ఫోటో చూపించనే చూపించదు. మూడో వరుసలో మామూలు బరువుతో, మీలాగే రాత్రిళ్లు నరకం అనుభవిస్తున్న అమ్మాయి ఉంటుంది. పోస్టర్ చూసి "నేను అంత సన్నగా లేను కదా, నాది జబ్బు కాదు" అనుకుని ఇంటికెళ్లిపోతుంది. అనొరెక్సియాలో ఉన్న అమ్మాయైతే "నేనింకా అంత సన్నబడలేదు" అనుకుంటుంది. ఇద్దరికీ నష్టమే. బరువు అంకెలు, ఏం తినేవారు, ఎలా కక్కేవారు, ఎలా దాచేవారు, ఇవన్నీ కూడా అంతే. పెద్దవాళ్లకు షాక్ కలిగించే వివరం ఆ పిల్లలకు కొలతగానో చిట్కాగానో పనికొస్తుంది. లెక్చరర్ గారి మనసు మంచిదే, సందేహం లేదు. భయపెడితే మానేస్తారని ఆయన నమ్మకం. ఈ జబ్బులో భయం అలా పనిచేయదు. లావవుతామన్న భయం ఆ పిల్లల్ని అప్పటికే శాసిస్తోంది.

మరి చెప్పదలిస్తే ఏం చెప్పాలి? మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఆసుపత్రి గది. అందరినీ బయటికి పంపి, తలుపు వేసి, పక్కన కూర్చుని ఆ డాక్టరు అడిగిన తీరు. నాలుగేళ్లు కన్నవాళ్లకే తెలియనిది ఆ ఒక్క ప్రశ్నకు ఎందుకు బయటికొచ్చింది? ఆవిడ గొంతులో ఏముంది? మీరు అవునన్నాక ఏం జరిగింది, మొదటిసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఎలా అనిపించింది, మళ్లీ మూడు పూటలా తినడం నేర్చుకోవడం ఎంత కష్టమైంది, ఏ రోజు మొదటిసారి తిండి గురించి ఆలోచించకుండా గడిచింది? విన్న అమ్మాయి ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని అనుకోవడానికి ఇవి పనికొస్తాయి. స్నేహితురాలిని ఎలా అడగాలో తెలియని పిల్లకు ఆ డాక్టరు మాట పనికొస్తుంది.

దానికి తోడు, ఈ జబ్బు గురించి జనంలో ఉన్న అపోహలను నాలుగు మాటల్లో తీసేయొచ్చు. అందం పిచ్చి అంటారు కదా, 1944 చివర్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ మొదలుపెట్టిన ప్రయోగం గురించి చెప్పండి. ఏ జబ్బూ లేని 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చి ఆరు నెలలు అరకొర తిండితో గడిపారు. వాళ్లకు తిండి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేశారు, కంచాలు నాకారు, చిరాకుపడ్డారు, మనుషులకు దూరమయ్యారు. మళ్లీ తిండి పెట్టాక కొందరికి ఎంత తిన్నా తృప్తి లేకపోయింది. మీరు రాత్రిళ్లు అలా తినడానికి కారణం మీ బలహీనత కాదని ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది. ఇది ఆడపిల్లల జబ్బేనని అనుకునేవాళ్లూ ఉంటారు. 1689లోనే రిచర్డ్ మోర్టన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఇలాంటి ఇద్దరు రోగుల గురించి రాశాడు, అందులో ఒకడు పదహారేళ్ల కుర్రాడు. హాల్లో అబ్బాయిలు కూడా ఉంటారు కాబట్టి ఇది తప్పక చెప్పాలి. కక్కకుండా, అదుపు లేకుండా తిని కుమిలిపోవడం కూడా జబ్బే. బింజ్ ఈటింగ్ డిజార్డర్ అనే ఆ పేరు సైకియాట్రిస్టుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం లోకి విడి జబ్బుగా ఎక్కింది 2013లోనే. అందుకే చాలామంది దాన్ని తిండిపోతుతనం అనుకుని తమను తాము తిట్టుకుంటూ బతుకుతారు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుందని, ఏ బరువులో ఉన్నవాళ్లకైనా ఆ ముప్పు ఉందని కూడా చెప్పండి.

ఇప్పుడు మీ గురించి. మధ్యాహ్నం భోజనం ఒక్కోసారి మానేస్తానని ఒక వాక్యంలో దాటేశారు. నేను దాటలేను. స్టేజీ ఎక్కడమంటే టెన్షన్. పాతవన్నీ తవ్వి ఒక వరుసలో పెట్టుకోవడం ఇంకా పెద్ద టెన్షన్. మీకు టెన్షన్ వస్తే ఏం చేస్తారో మీరే రాశారు. నిర్ణయానికి ముందే మీకు చికిత్స చేసినవారిని ఒకసారి కలవండి. ఆ మధ్యాహ్నాల సంగతి వారికి చెప్పండి, ఈ కార్యక్రమం సంగతీ చెప్పండి. ఇప్పుడే వద్దని వారంటే అది మీ ఓటమి కాదు.

ఆలోచించాల్సినవి ఇంకా ఉన్నాయి. ఒకసారి పేరుతో బయటికి చెప్పాక ఆ మాటను వెనక్కి తీసుకోలేరు. ఎవరో ఫోన్‌లో రికార్డు చేస్తారు, అది మీ ఆఫీసుకూ చేరుతుంది. ఆ తర్వాత మీరు ఎక్కడ భోజనానికి కూర్చున్నా కొందరి కళ్లు మీ కంచం మీదే ఉంటాయి. మీరు కాస్త తగ్గినా పెరిగినా వ్యాఖ్యలు వస్తాయి. కొందరు పిల్లలు అర్ధరాత్రి మీకు మెసేజ్ పెడతారు. ఆ బరువంతా ఒంటరిగా మోయడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం. మరోవైపు, ఇన్నేళ్ల గుట్టు దించుకుంటే మీకు ఎంత తేలికపడుతుందో కూడా నాకు తెలుసు. అందుకే వద్దని తేల్చేయడం లేదు.

మీకు స్టేజీ ఒక్కటే దారి కాదు. పేరు లేకుండా రాసి ఇస్తే ఆ రోజు సైకాలజిస్టు ఒకరు చదివి వినిపించొచ్చు. మీ గుట్టు మీ దగ్గరే ఉంటుంది, అయితే ఎదురుగా ఒక మనిషి కోలుకుని నిలబడి ఉందన్న ధైర్యం పిల్లలకు అంతగా అందదు. లేదంటే పిల్లలతో కాకుండా లెక్చరర్లతో, హాస్టల్ వార్డెన్లతో, డ్యాన్సు, ఆటలు నేర్పేవాళ్లతో చిన్న గదిలో మాట్లాడొచ్చు. వాళ్లకు లక్షణాలు తెలియాలి, "బాగా తగ్గావే" అనే మెచ్చుకోలు ఏం చేస్తుందో తెలియాలి. మీ విషయంలో మొదటి ఏడాది ఆ మెచ్చుకోలే కదా ముందుకు తోసింది. నాకు బాగా నచ్చే దారి ఇదే. ఇందులో హానికి చోటు తక్కువ, చప్పట్లూ తక్కువే. కాలేజీవాళ్లకు ఓపిక ఉంటే, అమెరికా సైకాలజిస్టు ఎరిక్ స్టైస్ బృందం తయారుచేసిన బాడీ ప్రాజెక్ట్ లాంటి పద్ధతి ఉంది. అందులో ఎవరూ వచ్చి ఉపన్యాసం ఇవ్వరు. అమ్మాయిలే చిన్న గుంపుగా కూర్చుని, సన్నగా ఉంటేనే అందం అన్న మాటలో తప్పేమిటో వాళ్ల నోటితోనే వాదిస్తారు. పదేపదే పరీక్షించి చూసినా మేలు చేస్తుందని తేలిన కొద్ది పద్ధతుల్లో ఇదొకటి. ఈ ఏడాది ఏమీ చేయకుండా, మీకు స్థిమితం వచ్చాక వచ్చే ఏడాది చూసుకోవడం కూడా మంచి దారే.

నోరు మూసుకుంటే మోసం అన్నారు. కాదు. జబ్బు నుంచి కోలుకున్నందుకు మీరు లోకానికి ఏమీ బాకీ పడలేదు. మీ చెల్లెలితో కూర్చుని మాట్లాడితే అది కూడా అవగాహన పనే.

అమ్మ గురించి. ఆవిడ ఏడుపు పరువు గురించే అనిపిస్తున్నా, దాని కింద "నా వల్లే వచ్చిందా" అన్న ప్రశ్న ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి కనిపెట్టలేకపోయానన్న బాధ ఏ తల్లినైనా తినేస్తుంది. తల్లిదండ్రుల పెంపకమే ఈ జబ్బుకు మూలమన్న పాత వాదనను వైద్యులు ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. 2019లో దాదాపు 17 వేల మంది అనొరెక్సియా రోగుల జన్యువులను పరిశీలించిన పెద్ద అధ్యయనం, జన్యువుల్లో ఎనిమిది చోట్ల ఈ జబ్బుతో సంబంధం కనిపెట్టింది. మీది బులీమియా అనుకోండి, అయినా ఇవి ఒంట్లోనూ మూలాలున్న జబ్బులన్న మాట అమ్మ చెవిన పడాలి. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980ల్లో రూపుదిద్దుకున్న చికిత్సలో అయితే పిల్లలకు తినిపించి కోలుకునేలా చేసే బాధ్యతను తల్లిదండ్రుల చేతికే ఇస్తారు. ఇవి మీరు చెప్తే ఆవిడ వినకపోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడను వెంట తీసుకెళ్లి వారి నోటితోనే చెప్పించండి. మీరు మాట్లాడాలని నిర్ణయించుకుంటే, రాసుకున్నది ముందు అమ్మకు చదివి వినిపించండి. ఆవిడ ప్రస్తావన ఎంతవరకు ఉండాలో ఆవిడనే అడగండి. అక్కతో వాదించకండి. మీరు మళ్లీ అందులో పడతారేమోనని ఆమె భయం, దానికి జవాబు మీ మధ్యాహ్న భోజనమే.

ఇక లెక్చరర్ గారికి ఇలా రాయొచ్చు: ఫోటోలు వద్దు, అంకెలు అడగొద్దు, నా ప్రసంగం ముందుగా ఒక సైకాలజిస్టు చూడాలి, ఆ రోజు వాళ్లు అక్కడ ఉండాలి, సాయం కావాల్సిన పిల్లలు ఎవరి దగ్గరికి ఏ గదికి వెళ్లాలో ప్రకటించాలి, నా నంబరు ఎవరికీ ఇవ్వకూడదు, చివరి నిమిషంలో రాలేనన్నా ఒప్పుకోవాలి. వీటికి ఆయన సరేనంటే, మీ డాక్టరూ సరేనంటే, వెళ్లడం గురించి ఆలోచించండి. ఫోటో లేకపోతే పిల్లలు పట్టించుకోరని ఆయన పట్టుబడితే ఆ కార్యక్రమానికి మీరు వెళ్లకపోవడమే మంచిది. తేదీ దగ్గరపడుతోందని తొందరపెడితే, డాక్టరును కలిశాకే చెప్తానని ఒక్క వాక్యం రాసి పంపండి.